టోపీ వచ్చేదాకా

బద్వేలు,
18 జూన్ 2007

శ్రీదేవీ,

చిన్నమ్మను రాస్తున్నాను. ఇంట్లో ఫోను పెట్టుకుని ఉత్తరం ఎందుకా అనుకుంటావు. ఫోను నడవలో ఉంది, మీ చిన్నాయన మంచం ఆ పక్క గదిలోనే. ఈ నరాల జబ్బుతో ఆయనకు మాట పోయింది, కాళ్లూ చేతులూ పోయినాయి గానీ చెవులు మాత్రం మునుపటికంటే చురుగ్గా ఉన్నాయి. నీతో ఏం మాట్లాడినా ఆయనకు వినబడుతుంది. విని, బదులు చెప్పలేక, పైకప్పు చూస్తూ పడుకుంటాడు. అందుకే ఆయన సంగతులన్నీ ఉత్తరాల్లో రాస్తాను. నువ్వూ అట్లాగే రాయి. ఫోనులో వానల గురించి మాట్లాడుకుందాం.

నువ్వు పోయిన నెల వచ్చినప్పుడు చూసినావు కదా, కళ్లు పైకెత్తితే అవును, రెప్పలు మూస్తే కాదు. ఇప్పుడూ అంతే. పక్క కొట్టు దేవేంద్రప్ప రోజూ వచ్చి పోతాడు. గడపలోనే, "ఏమప్పా తిరుమలయ్యా, ఎట్లుండావు?" అంటాడు. తర్వాత నా వైపు తిరిగి, "అన్నం తింటాండాడా? నిద్ర పోతాండాడా?" అని అడుగుతాడు. ఎవరొచ్చినా ఇదే వరస. మొదటి మాట ఆయనతో, మిగతావన్నీ నాతో. మెట్లు దిగిపోతున్న గిరాకీని కూడా మాటతో వెనక్కి పిలిచి చీర కట్టబెట్టిన మనిషి. ఆయన ముందర ఆయన గురించి నన్ను అడుగుతారు.

మొన్న ఒకరోజు పొద్దున్నే కళ్లెమ్మట నీళ్లు పెట్టుకున్నాడు. నీళ్లు కావాల్నా? కాదు. పక్కకు తిప్పాల్నా? కాదు. ఫ్యానా, కాలా, కడుపా, నేను అడగనిది లేదు. అన్నిటికీ రెప్పలు మూసినాడు. సాయంత్రం దిండు గలీబు మార్చబోతే కింద చీమలు. మెడ వెనక అంతా ఎర్రగా కందిపోయింది. పొద్దుటినుంచీ కుట్టించుకుంటా పడుకున్నాడు. చీమ అని అడగడం నాకు తోచలేదు తల్లీ.

మీ దగ్గర తయారవుతున్న ఆ టోపీ పెట్టుకుంటే మనసులో మాట కంప్యూటరులో పడుతుందన్నావు. ఎప్పుడు తెస్తావు? నువ్వు చెప్పినప్పటినుంచీ బయట బస్సు హారను వినబడితే ఆయన కళ్లు వాకిలి వైపు పోతున్నాయి.

ఒళ్లు చూసుకో. మెస్సు కూడు పడకపోతే పొడులు పంపిస్తాను.

నీ చిన్నమ్మ


బెంగళూరు,
3 జులై 2007

చిన్నమ్మా,

నీ ఉత్తరం ల్యాబులో చదివాను. ఆ చీమల సంగతి మా ప్రొఫెసరుగారికి కూడా చెప్పాను.

టోపీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది మనసులో మాట చదవదు. తెర మీద అక్షరాలు గళ్లలో ఉంటాయి, ఒక్కొక్క వరసా తళుక్కుమంటుంది. నీకు కావలసిన అక్షరం మెరిసినప్పుడు లోపల చిన్న ఉలికిపాటు కలుగుతుంది. ఎవరైనా నీ పేరు పిలిస్తే గుంపులో నీకు మాత్రమే తెలిసినట్టు. ఆ ఉలికిపాటును టోపీలో ఉన్న బిళ్లలు పట్టుకుంటాయి. ఎన్నోసార్లు మెరిస్తే గానీ ఒక్క అక్షరం తేలదు. తలకు జిగురు రాయాలి, తర్వాత తలంటాలి.

ఇంగ్లీషుకైతే గళ్లు సరిపోయాయి. తెలుగుకు గుణింతాలు, వత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక నేనూ నా స్నేహితురాలూ తలలు పట్టుకుంటున్నాం. చిన్నాయన రోజూ వాడే మాటలు రాసి పంపు. అక్షరాలకు బదులు ముందు మాటలే పెడతాను. చీమ కూడా పెడతాను.

దసరాకు తేవాలని నా ప్రయత్నం. ఒక్క సంగతి: ఈ పద్ధతికి కళ్లు ముఖ్యం. చూపు ఒకచోట నిలపగలుగుతున్నాడా? జాగ్రత్తగా గమనించి రాయి.

పొడులు పంపు. కంది పొడి ఎక్కువ.

శ్రీదేవి


బద్వేలు,
20 ఆగస్టు 2007

అమ్మా శ్రీదేవీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. నాకు అర్థమైనంత ఆయనకు చెప్పినాను. "దసరాకు నువ్వు మాట్లాడతావంట. నీ కూతురు టోపీ తెస్తాండాది" అంటే కళ్లు పైకెత్తి ఎంతసేపటికీ దించలేదు. దేవేంద్రప్ప విని బజారంతా చెప్పినాడు. పాత గిరాకీలు కూడా వచ్చి, "తిరుమలయ్య సెట్టి మళ్లీ మాట్లాడతాడంటనే!" అని చూసి పోతున్నారు. ఆడపిల్లను పెంచుకుని ఇంజనీరింగు ఎందుకని నవ్విన వాళ్లే వాళ్లు.

మాటలు రాస్తున్నాను: తిప్పు, దాహం, చెమట, దోమ, చీమ, దురద, ఫ్యాను, కొట్టు, రేడియో, చాలు, అనసూయా. చివరిది నేను పెట్టినాను. ఆయన నన్ను పేరుతో పిలిచేవాడు కాదు, "ఇదో" అనేవాడు. అయినా ఉండనీ.

కడపలో డాక్టరు కొత్త మాట చెప్పినాడు. ముందు ముందు ఊపిరి తీసుకోవడం కష్టమవుతుందంట. అప్పుడు గొంతుకు రంధ్రం పెట్టి ఊపిరి మిషను తగిలించాలంట. తగిలిస్తే ఇంక తీసేది ఉండదు. వద్దనుకుంటే వద్దు. "ఆయన్నే అడిగి చెప్పండమ్మా" అన్నాడు. నేను అడగలేదు. అంత పెద్ద సంగతికి రెప్ప మూసి తెరిస్తే సరిపోతుందా? ఎందుకు, ఏమిటి అని ఆయన తిరిగి నన్ను అడగాలి కదా. టోపీ వచ్చినాక ఆయన మాటల్లో ఆయన్నే చెప్పనిస్తాను.

కళ్లు బాగున్నాయి.

నీ చిన్నమ్మ


బెంగళూరు,
24 సెప్టెంబరు 2007

చిన్నమ్మా,

ఈ ఉత్తరంలో ఒక మంచి, ఒక చెడు.

మంచి ముందు. పోయిన వారం టోపీ తీసుకుని కర్నూలు వెళ్లాం. ఓర్వకల్లు దగ్గర లారీ బోల్తాపడి జోసెఫ్ అనే డ్రైవరు చిన్నాయన లాగే కళ్లు తప్ప ఏదీ కదపలేక ఉన్నాడు. వాళ్లమ్మ రాహేలమ్మ మంచం పక్కనుంచి కదలకుండా ప్రార్థన చేస్తూ కూర్చుంది. మధ్యాహ్నానికి జోసెఫ్ మొదటి మాట పడింది. ఏమనుకున్నావు? దోమ. నువ్వు రాసిన మాటే. రాహేలమ్మ లేచి దోమను వెతికి, చంపి, అరచెయ్యి కొడుక్కి చూపించింది. గదిలో అందరం ఏడ్చాం, ఒక్క జోసెఫ్ తప్ప. అతని కళ్లు నవ్వుతున్నాయి.

చెడు ఏమిటంటే, దసరాకు కాదు. ఇంకా కొందరి మీద పరీక్షించాలని ప్రొఫెసరుగారి పట్టు. నేను గొడవపడ్డాను. ఉన్నది ఒక్కటే టోపీ, దాన్ని బయటికి ఇవ్వనంటున్నారు. డిసెంబరు దాటకూడదని మాత్రం ఒప్పించాను.

ఈలోగా ఒక ప్లాస్టిక్ అట్ట పంపిస్తున్నాను. పారదర్శకంగా ఉంటుంది, దాని మీద అక్షరాలు. మీ ఇద్దరి మధ్య పట్టుకో. ఆయన ఏ అక్షరం వైపు చూస్తున్నాడో అవతలినుంచి నీకు కనిపిస్తుంది. టోపీ వచ్చేదాకా ఇది వాడుతూ ఉండండి.

ఊరందరికీ మాటిచ్చేశావు, నాకు భయంగా ఉంది.

శ్రీదేవి


బద్వేలు,
29 అక్టోబరు 2007

శ్రీదేవికి,

అట్ట అందింది. జాగ్రత్తగా పెట్టినాను.

దసరా పోయింది. పండగ రోజు ఆయనకు తెల్లపంచె కట్టినాను, నువ్వు వస్తావని ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు కదా. దేవేంద్రప్ప కూడా వచ్చి కూర్చున్నాడు. "రాదంట, పని తెమల్లేదంట" అని చెప్పినాను. ఆయన రెప్పలు మూసుకున్నాడు. కాదు అంటున్నాడో, నిద్రపోయినాడో తెలియలేదు.

కర్నూలు పిల్లోడికి మేలు జరిగినందుకు సంతోషం. వాళ్లు నీకు ఏమవుతారు అని అడగను. అడగకూడదు కూడా.

ఇప్పుడు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తున్నాం. మింగడం పోయింది. నీ పని నువ్వు చూసుకో.

అనసూయమ్మ


బెంగళూరు,
12 నవంబరు 2007

చిన్నమ్మా,

'అనసూయమ్మ' అని సంతకం పెట్టావు. కోపమని అర్థమైంది. కర్నూలు ఆసుపత్రికి వెళ్లడం నా చేతుల్లో లేదు, అక్కడి డాక్టరు ప్రొఫెసరుగారికి స్నేహితుడు. ఇంటికి తీసుకెళ్తానంటే ఎవరూ ఒప్పుకోలేదు.

అట్ట అందిందన్నావు, వాడుతుంటారని మనసు కొంచెం తేలికపడింది. ఏమేం చెబుతున్నాడు? ఒకటో రెండో మాటలు నాకు రాయవా? గొంతు రంధ్రం సంగతి కూడా అట్టతో నిదానంగా అడుగు. రెండు రోజులు పట్టినా పరవాలేదు.

డిసెంబరు మూడో వారం వస్తున్నాను, టోపీతో. సెలవు చీటీ మీద సంతకం అయిపోయింది.

నీ శ్రీదేవి


బెంగళూరు,
18 డిసెంబరు 2007

చిన్నమ్మా,

బస్సు దిగి నేరుగా ల్యాబుకే వచ్చి ఇది రాస్తున్నాను. అక్కడ నీ ఎదుట చెప్పలేకపోయాను. చిన్నాయనకు వినబడుతుందని నోరు కట్టుకున్నాను.

గదిలోకి రాగానే చూశాను, కుడికన్ను పూర్తిగా మూతపడింది, ఎడమది సగం. టోపీ పెట్టి, జిగురు రాసి, తెర ముందు పెట్టినా ఆయన చూపు తెర మీద నిలవలేదు. నేను తెచ్చిన మాటలన్నీ ఆయన ముందర మెరిసి ఊరికే పోయాయి. అట్ట బీరువా మీద ఉంది, పంపిన కవరు కూడా విప్పలేదు. నిన్ను నిందించడం లేదు. సెప్టెంబరులో ఆయన కళ్లు అట్టకు సరిపోయేవేమో అన్న ఆలోచన బస్సులో కడప దాకా వదల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. చూపుతో కాదని, శబ్దాలతో ప్రయత్నించాను కదా, ఒక మోత అవునుకు, ఇంకొకటి కాదుకు. తెలిసిన ప్రశ్నలు అడిగాను. 'నీ పేరు తిరుమలయ్యా?' అంటే కాదని వచ్చింది. 'మనం కర్నూల్లో ఉన్నామా?' అంటే అవునని వచ్చింది. కొన్ని సరిగ్గానే వచ్చాయి. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. ఆ తర్వాత నువ్వు ముందుకొచ్చి, "గొంతుకు మిషను పెట్టించేదా? నీకు ఉండాల్నని ఉండాదా?" అని అడిగావు. తెర మీద అవును పడింది. నువ్వు ఆయన పాదాలు పట్టుకున్నావు. అంతలో కరెంటు పోయింది, బస్సు టైమయింది. నేను "తొందరపడొద్దు చిన్నమ్మా" అని మాత్రం అని వచ్చేశాను.

ఆ అవును ఆయనది కాదు. ఆయనది అయ్యుండొచ్చు కూడా, కానీ నాకు తెలియదు, మిషనుకూ తెలియదు. దాన్ని నమ్మి ఏదీ చేయొద్దు. నేను పద్ధతి మార్చి మళ్లీ వస్తాను.

శ్రీదేవి


బద్వేలు,
21 జనవరి 2008

శ్రీదేవీ,

నీ ఉత్తరం నేను కడపనుంచి తిరిగొచ్చేసరికి తలుపు సందులో పడి ఉంది.

నువ్వు పోయిన మూడోనాడు మధ్యాహ్నం ఆయన పెదవులు నీలమైనాయి. దేవేంద్రప్ప జీపు పిలిచినాడు. కడప ఆసుపత్రిలో డాక్టరు, "రంధ్రం పెడదామా వద్దా, ఆయన ఏమంటాండె?" అన్నాడు. "ఆయనే అవునన్నాడు. మా పాప మిషను పెట్టి అడిగింది" అని చెప్పి సంతకం పెట్టినాను. ధైర్యంగా పెట్టినాను. దారి పొడుగునా దేవేంద్రప్పతో, "చూడప్పా, నా కోసం ఉండాల్నని ఉండాదంట ఆయనకు" అని చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆయన గొంతులో గొట్టం ఉంది. మిషను ఊపిరి పోస్తోంది. రెండు కళ్లూ మూతపడినాయి. నేను తెరిచి చుక్కలు వేసి మళ్లీ మూస్తాను.

అట్ట విప్పలేదని రాసినావు. విప్పలేదు. టోపీ అన్న నోటితోనే అట్ట అంటే, ఇంక టోపీ రాదని, పిల్లలకు పలక ఇచ్చినట్టు నాకు ఇచ్చినావని అనుకున్నాను. కళ్లు కూడా పోతాయని నాకు ఎవరు చెప్పినారు? కళ్లు చివరిదాకా ఉంటాయని డాక్టరు అన్నాడు. కుడికన్ను వాలుతోందని నీకు రాస్తే, ఇంక లాభం లేదని నువ్వు రావడం మానేస్తావని రాయలేదు. నేను రాయలేదు, నువ్వు చెప్పలేదు. ఇద్దరి మధ్య ఆయన నోరు మూతపడింది.

ఇప్పుడు ఆయనకు ఉండాల్నని ఉందో లేదో నాకు చెప్పేదెవరు?

అనసూయమ్మ


బెంగళూరు,
7 ఏప్రిల్ 2008

చిన్నమ్మా,

నువ్వు బదులు రాయకపోయినా రాస్తున్నాను. నువ్వన్నది నిజం. ఆ రోజు నీ ముందే 'ఇది నమ్మొద్దు' అని గట్టిగా చెప్పి ఉండాల్సింది.

మూడు నెలలుగా ఒకే పని చేశాను. కళ్లతో పనిలేని టోపీ. ఆ బీప్ మోతలు వింటుంటే మా విద్యార్థులకే తలనొప్పి వచ్చింది, ఆయన ఎట్లా భరించాడో. ఇప్పుడు మోతలు తీసేశాను. మనుషుల గొంతులు పెట్టాను. ఒక చెవిలో నీ గొంతు 'అవును' అంటుంది, ఇంకో చెవిలో దేవేంద్రప్ప గొంతు 'కాదు' అంటుంది. ఆయనకు ఏది కావాలో ఆ గొంతు మీద మనసు పెడితే చాలు. దేవేంద్రప్ప కొట్టు నుంచి ఫోనులో తన గొంతు ఇచ్చాడు. నీది, పోయినసారి వచ్చినప్పుడు నేను తీసిన వీడియోలోంచి తీసుకున్నాను. చెప్పకుండా తీసుకున్నందుకు ఏమీ అనుకోవద్దు.

మే నెలలో వారం రోజులు సెలవు దొరికింది. రమ్మంటావా?

శ్రీదేవి


బద్వేలు,
22 ఏప్రిల్ 2008

శ్రీదేవీ,

తేవద్దు అని రాసి ఆ కాగితం చించేసినాను. ఇది రెండోది.

ఈడ ఎండలు మొదలైనాయి, కరెంటు ఇష్టమొచ్చినట్టు తీస్తున్నారు. బ్యాటరీ కొంతసేపే వస్తుంది. అది ఆగితే నేను రబ్బరు సంచి గొట్టానికి తగిలించి చేత్తో నొక్కుతా కూర్చుంటాను. నొక్కితే ఛాతీ లేస్తుంది, వదిలితే పడుతుంది. ఆయన ఊపిరి నా చేతిలో ఉంది. నొక్కేటప్పుడల్లా అనుకుంటాను, ఇది ఆయనకు కావాల్నా, నాకు కావాల్నా అని. అట్లా అనుకుంటా నొక్కడం ఎంత కష్టమో నీకెట్లా చెప్పేది.

నువ్వు వచ్చి అడిగితే 'ఎందుకు పెట్టించినావు' అంటాడేమో. అన్నాక నేను ఆ సంచి ఎట్లా నొక్కాలి? ఆ భయంతో తేవద్దు అన్నాను. కానీ మాట్లాడేది ఆయన, వద్దనేదానికి నేనెవరు?

రా.

చిన్నమ్మ


బెంగళూరు,
9 జూన్ 2008

చిన్నమ్మా,

చిన్నాయన కర్మలు ముగిశాక నిన్ను అట్లా వదిలి వచ్చినందుకు ఇక్కడ పనిలో మనసు నిలవడం లేదు. దేవేంద్రప్ప వాళ్ల భార్య నీ దగ్గరే పడుకుంటోందా?

టోపీలో నమోదైనదంతా ఇవాళ మళ్లీ చూశాను. మొదటి పొద్దున అడిగినవాటిలో దాదాపు అన్నీ సరైన జవాబులే. బొమ్మా బొరుసూ కాదు చిన్నమ్మా. ఆయన లోపల ఉన్నాడు. జనవరినుంచీ, నువ్వు చుక్కలు వేసి రెప్పలు మూసిన ప్రతిసారీ, ఉన్నాడు.

ఉన్న ఒక్క మంచి పొద్దునా నేను నీ పేరు తిరుమలయ్యా, ఇది బద్వేలేనా అని అడుగుతూ కూర్చున్నాను. డిసెంబరులో లాగా మళ్లీ తప్పుడు అవునుతో నిన్ను మోసం చేయకూడదని, గట్టిగా తేలేదాకా అవే అడిగాను. తేలేసరికి ఆయన అలిసిపోయాడు. మిషను సంగతి రేపు అడుగుదాం అన్నది నేనే. ఆ సాయంత్రం జ్వరం వస్తుందని, రేపు ఉండదని నాకు తెలియదు.

నాకు ఏమీ రాయకపోయినా పరవాలేదు. తిన్నావో లేదో ఒక్కటి రాయి.

శ్రీదేవి


బద్వేలు,
30 జూన్ 2008

శ్రీదేవీ,

తింటున్నాను. కొట్టు తెరిచినాను, పొద్దున పూట.

రేపు అడుగుదాం అన్నది నువ్వొక్కదానివే కాదు. నువ్వు ఆ మాట అనగానే నేను లోపల సంతోషపడినాను. అడగకుండా ఇంకొక రోజు దొరికింది కదా అని. నాకు నోటిదాకా వచ్చి ఆగిపోయింది ఆ ప్రశ్న. ఆ సాయంత్రం జ్వరం ఎక్కినప్పుడు చెవి దగ్గర వంగి అడిగినాను, టోపీ లేకుండానే. ఛాతీ మిషను లెక్కలోనే లేస్తా పడతా ఉంది.

ఆయనకు అన్నీ వినబడినాయని నువ్వు రాసినావు. మంచికని రాసినావు, నాకు తెలుసు. కానీ ఈ ఐదు నెల్లూ ఆ గదిలో ఎవరెవరు ఏమేమి అన్నారో ఒక్కొక్కటే గుర్తుకొస్తోంది. "ఇంకెన్నాళ్లప్పా ఈ బతుకు" అని ఎంతమంది అన్నారో. నేను కూడా ఒకసారి, సంచి నొక్కీ నొక్కీ చెయ్యి పడిపోయి, "నా పానం తీస్తాండావు" అన్నాను. ఆయన విన్నాడు. వినలేదని నిన్నటిదాకా అనుకుని బతికినాను. ఇప్పుడు ఆ దారి కూడా లేదు.

నువ్వు రాకుండా ఉండాల్సింది అనడం లేదు. వచ్చినందుకు మేలు జరిగిందని కూడా నా చేత అనిపించొద్దు. ఏది అన్నా అబద్ధమే.

నిన్న దేవేంద్రప్ప, ఇంకో ఇద్దరు పాత గిరాకీలు కొట్టు అరుగు మీద కూర్చున్నారు. టోపీ పని చేసిందని వాళ్లకు తెలిసింది. "ఏమ్మా, తిరుమలయ్య కడాకు మాట్లాడినాడంట కదా! ఏం చెప్పినాడు?" అని అడిగినారు. నువ్వు అడిగినవి తలుచుకున్నాను. 'ఈమె నీ భార్యేనా?' అని నువ్వు అడిగితే, నా గొంతుతోనే అవును అన్నాడు.

"నేను ఆయన భార్యనని చెప్పినాడు" అన్నాను.

వాళ్లు తల ఊపినారు. తర్వాత ఏమన్నాడో చెబుతానని నా మొగం చూస్తా అట్లనే కూర్చున్నారు. నేను బట్టలు మడతపెట్టుకున్నాను.

చిన్నమ్మ